చలికాలమున దేహరక్షణము, మనోరక్షణము

(గ్రంథాలయ రజతోత్సవ సభలలో మూడవనాటి సాయంకాలము చేసిన ప్రసంగ పాఠము)



ఈ మూడు దినములలో పండితులు మాటలాడిరి, కవులు పద్యములు చదివిరి. నేను వైద్యుడను. విందు ముగిసిన పిదప ఇచ్చు శొంఠికషాయమువంటిది నా ప్రసంగము. అయినను ధనుర్మాసపు సాయంకాలమున, తలగుడ్డలు చెవులమీదికి దించుకొని, దుప్పట్లు కప్పుకొని కూర్చున్న మిమ్ము చూచుచు, చలినిగూర్చి చెప్పుటకంటె సమయోచితమైన పని నాకు తోచలేదు. పుష్యమాసములో పూసలు గ్రుచ్చ పొద్దుండదని మన పెద్దల సామెత. కావున నేనును పొద్దు చూచుకొని మాటలాడవలసియున్నది.

మనకు చలియనిన ఒక చులకనభావము కలదు. మంచు కురియు దేశములవారు చలికి వెఱవవలెను గాని, ఏటిలో ఎనిమిది మాసములు ఎండకు మాడు మనకు ఈ రెండు నెలల చలి ఒక లెక్కయా యని యందురు. చలి మాట వచ్చినప్పుడు లంబసింగి పేరో, ఆదిలాబాదు పేరో చెప్పి, అదిగదా చలియని ముగించుదురు. ఆ మన్యపు చలి గొప్పదే. లంబసింగిలో కొన్ని యేండ్లు ఉష్ణోగ్రత సున్నకు సమీపించుటయు కలదు. కాని నేను చెప్పదలచినది దానినిగూర్చి కాదు. తెల్లవారుజామున 15, 16 డిగ్రీలకు దిగి, తొమ్మిది గంటలకెల్ల మాయమగు మన యూరి చలినిగూర్చి.

2015లో 'లాన్సెట్' అను వైద్యపత్రికయందు 13 దేశములలోని 7 కోట్లకు పైబడిన మరణములను పరిశీలించి వ్రాసిన వ్యాసమొకటి వెలువడినది. ఎండవలన కలుగు మరణములకంటె చలివలన కలుగు మరణములు అనేకరెట్లు అధికమనియు, వానిలో హెచ్చుభాగము తీవ్రమైన చలిదినములలో కాక సామాన్యమైన చలిదినములలోనే సంభవించుచున్నదనియు అందు తేలినది. 2018లో మన దేశపు మరణములను పరిశీలించినవారును ఇంచుమించుగా ఇదే చెప్పిరి. ఇది వినుటకు వింతగా నుండును గాని, కారణము సులభమే. తీవ్రమైన చలి నాలుగు దినములుండి పోవును. దానికి జనులు భయపడి జాగ్రత్తపడుదురు. సామాన్యపు చలి నెలల తరబడి యుండును. దానిని ఎవరును లెక్కసేయరు. పైగా మన ఇండ్లు వేసవికొఱకు కట్టుకొన్నవి. గాలి ఎటునుండి ఎటు పోవునో చూచి కిటికీలు పెట్టుకొన్నాము గాని, పుష్యమాసపు రాత్రి ఆ గాలి ఎవరి మంచముమీదుగా పోవుచున్నదో చూచుకొనలేదు.

దేహమునకు 37 డిగ్రీల వేడిమి అవసరము. బయట చలి హెచ్చినప్పుడు ఆ వేడిమి పోకుండుటకై చర్మము క్రింది రక్తనాళములు ముడుచుకొనును. రక్తము లోపలి భాగములకు చేరును, రక్తపుపోటు హెచ్చును, గుండెకు పని పెరుగును. మూత్రము ఎక్కువగా పోవును, దాహము మాత్రము తెలియదు. దానివలన రక్తము చిక్కబడును. పడుచువారికి ఇది లెక్కలోనిది కాదు. గుండెజబ్బు, రక్తపుపోటు కలవారికి తెల్లవారుజామున ఇదియే ప్రాణాంతకము కావచ్చును. ధనుర్మాసమున నాలుగు గంటలకు లేచి, నూతివద్ద చన్నీళ్ళు తలపై గ్రుమ్మరించుకొను వృద్ధులను నేనెఱుగుదును. వారి భక్తికి నేను అడ్డు వచ్చువాడను కాను. కాని కాగిన నీళ్ళతో స్నానము చేసినచో పుణ్యము తగ్గునని ఏ దేవుడును చెప్పినట్లు నేను వినలేదు. మెలకువ వచ్చిన వెంటనే లేవక, రెండు నిమిషములు మంచముమీదనే కూర్చుండి, ఒంటికి కప్పుకొని, పిదప లేవవలెను. రక్తపుపోటు మాత్రలను ఒక్కదినమైనను మానరాదు. దప్పిక లేకున్నను గోరువెచ్చని నీరు త్రాగుచుండవలెను.

చలికి విరుగుడని సారాయి త్రాగువారు కొందఱు కలరు. త్రాగినవెంటనే ఒళ్ళు వెచ్చబడినట్లుండుట నిజమే. ముడుచుకొన్న నాళములు విచ్చుకొని, లోపలి వేడిమి చర్మమునకు వచ్చి గాలిలో కలిసిపోవుటయే ఆ వెచ్చదనము. ఇల్లు తగులబెట్టి చలికాచుకొన్నట్లని వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక నేను సిగ్గుతో చెప్పవలసిన సంగతి యొకటి కలదు. నేను వృత్తిలో ప్రవేశించిన తొలి యేండ్లలో, ఒక పుష్యమాసపు సాయంకాలమున, ప్రక్క యూరినుండి ఒక కోడలు వచ్చి తన అత్తగారిని చూడుమని పిలిచినది. ఆ వృద్ధురాలికి డెబ్బదియైదేండ్లుండును. వసారాలో నులకమంచముమీద, ఒక పాత బొంత కప్పుకొని పడుకొనియున్నది. "రెండు రోజులనుంచి సరిగా మాట్లాడటం లేదండీ. మాట ముద్దముద్దగా వస్తోంది. లేచి నిలబడితే తూలిపోతోంది" అని కోడలు చెప్పినది. "చలిగా ఉందా పెద్దమ్మా?" అని నేనడిగితిని. "లేదు నాయనా" అనినది. వణకుటయు లేదు. జ్వరమున్నదేమోయని ధర్మామీటరు పెట్టితిని. పాదరసము కదలలేదు. విదిలించి మఱల పెట్టితిని, మఱల కదలలేదు. సాధనము చెడినదనుకొంటిని. ముసలితనపు నీరసమని బలమునకు మందు వ్రాసి ఇచ్చి వచ్చితిని. మఱునాడు తెల్లవారకముందే ఆమె పోయినది.

ధర్మామీటరు చెడలేదు. మనము ఇండ్లలో వాడు పాదరసపు ధర్మామీటరు 35 డిగ్రీలకు దిగువను చూపజాలదు. ఆ తల్లి దేహము అంతకంటె చల్లబడి యుండినది. 35 డిగ్రీలకు దిగినచో అది అపాయస్థితియని నేను పుస్తకములో చదివినవాడనే. కాని ఆ పుస్తకము మంచుదేశపు వారికొఱకు వ్రాసినదని, మన వసారాలకు అది వర్తింపదని నా మనస్సులో నుండినది. ఆమె చలి లేదని చెప్పినది, నేను నమ్మితిని. వృద్ధాప్యమున చలి తెలియు శక్తియే తగ్గునని నాకప్పుడు తోచలేదు. వణకు ఆగుట ఉపశమనము కాదు. దేహము పోరాటము మానుకొనుచున్నదని దాని అర్థము.

కావున మీ ఇండ్లలోని పెద్దలను "చలిగా ఉన్నదా?" అని అడిగి ఊరకుండకుడు. దుప్పటిలోపలికి చేయి పెట్టి పొట్టను తాకి చూడుడు. కాళ్ళుచేతులు చల్లగానుండుట సాధారణమే. పొట్ట చల్లగానున్నచో అది ప్రమాదము. మాట తడబడుట, మతి తప్పినట్లు పలుకుట, నడకలో తూలుట కనిపించినచో ముసలితనమని త్రోసివేయకుడు. తడిబట్టలుండిన తీసివేసి, పొడి కంబళ్ళు చుట్టి, తలకు కుళ్ళాయి పెట్టి, మ్రింగగల స్థితిలో నున్నచో వెచ్చని పాలో జావయో పట్టించి, 108కి కబురు చేయుడు. కాళ్ళుచేతులు గట్టిగా రుద్దుట, మంటకు దగ్గరగా కూర్చుండబెట్టుట మంచిది కాదు. మఱియొక చిన్న మాట. నులకమంచముపై పడుకొనువారికి పైన ఎన్ని దుప్పట్లు కప్పినను ఫలము తక్కువ. చలి క్రిందినుండి ఎక్కును. పైన ఒక కంబళి కప్పినచో క్రింద రెండు పఱవవలెను. ఆ పెద్దమ్మ మంచముపై నులకకును ఆమె ఒంటికిని నడుమ ఒక పాత చీర మాత్రముండినది. నాకు నేటికిని అది కండ్లకు కట్టినట్లున్నది.

వృద్ధుల తరువాత చలికి లోబడువారు పసికందులు. అప్పుడు పుట్టిన శిశువు పెద్దవారివలె వణకి వేడిమి పుట్టించుకొనలేడు. అందులో రెండున్నర కిలోలకు తక్కువ తూగు బిడ్డలు మఱింత దుర్బలులు. పుట్టినవెంటనే స్నానము చేయించు తొందర విడిచి, పొడిబట్టతో తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు పడుకొనబెట్టి ఇద్దఱికి కలిపి కప్పవలెను. కొలంబియా దేశపు బొగొటా నగరమున, బిడ్డలను వెచ్చగానుంచు యంత్రములు చాలక, 1978లో ఎడ్గార్ రే అను వైద్యుడు ఈ పద్ధతిని ఆరంభించెను. నేడు లోకమంతటను దీనిని అనుసరించుచున్నారు. తల్లి అలసినప్పుడు తండ్రియైనను, నాయనమ్మయైనను అట్లే పొదువుకొనవచ్చును.

అయితే మన పురిటిగదులలో వెచ్చదనమునకు చేయునదేమి? తలుపులు మూసి, కిటికీ సందులలో గుడ్డలు క్రుక్కి, మంచము క్రింద కుంపటి పెట్టుదుము. బాలింతరాలికి గాలి తగులరాదనుట మన పెద్దల మాట. నేనీ సభలో ఇంకేమి చెప్పకపోయినను ఈ ఒక్క మాటకొఱకే వచ్చితినని తలపుడు: మూసిన గదిలో కుంపటి పెట్టరాదు. పొగ వచ్చు కట్టెలైనచో దగ్గు వచ్చి తలుపు తెఱచుదురు. ఎఱ్ఱగా కాలిన బొగ్గులకు పొగ లేదు గనుక భయము లేదనుకొందురు. భయమంతయు ఆ పొగలేని నిప్పులోనే యున్నది. గాలి చాలక మండు బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థము ఈ విషవాయువును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. మొదట తలనొప్పి, వాంతి వచ్చునట్లుండుట, పిదప మగత. ఏదో జరుగుచున్నదని తెలిసి లేవబోవువేళకు కాళ్ళు స్వాధీనములో నుండవు. తలుపు నాలుగడుగుల దూరమున నున్నను చేరుకొనలేరు. బ్రిటను దేశపు బొగ్గుగనులలో ఈ వాయువును కనిపెట్టుటకు చిన్నపిట్టలను పంజరములో తీసికొనిపోయెడివారు. పిట్ట కూలినచో మనుష్యులు బయటికి పరుగెత్తెడివారు. ఆ యాచారము 1986 వఱకు సాగినది. మన పురిటిగదిలో పిట్ట లేదు, పసిబిడ్డ కలదు.

నేనెఱిగిన ఒక ఇంట ఇట్లే బాలింతరాలు "తల తిరుగుతోందమ్మా" అని రెండుమార్లు చెప్పినది. తల్లి అది పురిటి నీరసమనుకొని కుంపటిలో ఇంకొన్ని బొగ్గులు వేసినది. అదృష్టవశమున ఆ పిల్ల తాతగారు పాలచెంబుతో వచ్చి, తలుపు తీసి, రెండు చేతులలో చెంబును గ్లాసును ఉండుటచేత మఱల మూయలేకపోయిరి. ఆ తెఱచిన తలుపే మువ్వురను బ్రదికించినది. ఆ బిడ్డ ఇప్పుడు కళాశాలలో చదువుచున్నది. గదిలో నీళ్ళ బిందె పెట్టినచో విషవాయువు అందు కలిసిపోవునని ఒక నమ్మకము కలదు. అది నిజము కాదు. ఆ వాయువు నీటిలో చాల కొంచెము మాత్రమే కరగును. కుంపటి బయట రాజేసి, దానిమీద ఇటుకనో, నీటినో వేడిచేసి, ఆ వేడివస్తువును గుడ్డలో చుట్టి లోపలికి తీసికొనిపొండు. బిడ్డను పడుకొనబెట్టుటకు ముందు పక్కను వెచ్చచేసి దానిని తీసివేయుడు. పట్టణములలో స్నానపుగదిలో గ్యాసు గీజరు పెట్టించుకొని తలుపులు బిగించుకొనువారికిని ఇదే హెచ్చరిక.

చక్కెరవ్యాధి కలవారు నిప్పునకు కాళ్ళు చాపి కూర్చుండరాదు. వారి పాదములకు స్పర్శ తగ్గియుండును, కాలినను తెలియదు. ఉబ్బసము కలవారికి ఈ ఋతువు కష్టకాలము. తెల్లవారుజామున చల్లనిగాలి నేలనంటి యుండుటచేత పొగ పైకి పోక ఊరిమీదనే నిలుచును. భోగిమంటలో పాత టైరులు, ప్లాస్టికు వేయుట ఇటీవలి యాచారము. మన తాతలు పిడకలు, పాతకట్టెలు మాత్రమే వేసిరి. పీల్చు మందు ఒకసారి మొదలుపెట్టినచో అలవాటైపోవునని భయపడి మానువారు కలరు. అన్నమునుగూర్చి ఎవరును అట్లు భయపడుట నేను చూడలేదు. పడిశమునకు సూక్ష్మజీవులే కారణము. చలికి తలుపులు మూసికొని అందఱము ఒకచోట కూర్చుండుట వానికి అనుకూలము. రెండు వారములు మించిన దగ్గునకు కఫపరీక్ష తప్పక చేయించవలెను.

ఆహారమునుగూర్చి మన పూర్వులు చెప్పినదానికి నేను చేర్చవలసినది స్వల్పము. చరకసంహిత సూత్రస్థానమున ఆఱవ అధ్యాయము ఋతుచర్యకు సంబంధించినది. హేమంతమున జఠరాగ్ని బలముగానుండునని చెప్పి, అభ్యంగనము, వెచ్చని నీరు, క్రొత్తబియ్యపు అన్నము మున్నగువానిని అందు విధించిరి. సజ్జరొట్టె, ఉలవచారు, నువ్వులు, బెల్లము ఈ కాలమున మన నాల్కకు రుచించుట ఊరక కాదు. నూనె అంటుకొని తలంటు పోసికొనుట పండుగనాటికి మాత్రమే కాక వారమున కొకసారియైన నుండినచో చర్మము పగులదు. చక్కెరవ్యాధి కలవారు మాత్రము అరిసెలను లెక్కపెట్టుకొని తినవలెను. లెక్క ఒకటితో ఆగవలెను.

లేయెండనుగూర్చి ఒక సవరణ. ఉదయపుటెండలో కూర్చున్నచో ఎముకలకు బలమని అందఱును చెప్పుదురు. ఎముకలకు కావలసిన విటమిన్ డి పుట్టించు కిరణములు, సూర్యుడు ఏటవాలుగానున్నప్పుడు మనకు చేరవు. ఈ ఋతువున ప్రొద్దెక్కి పదునొకండు దాటిన పిదప, రెండు గంటలలోపల, చేతులకు కాళ్ళకు కొంతసేపు ఎండ తగులనీయవలెను. మఱి లేయెండ నిష్ప్రయోజనమా? కాదు. అది మనస్సునకు మందు. కన్నులకు ఉదయపు వెలుగు తగిలినప్పుడు దేహములోని గడియారము సరిపడును. దానివలన రాత్రి నిద్ర కుదురును.

మనస్సు మాట వచ్చినది. జొహానెస్బర్గులో పుట్టి అమెరికాకు వలస వెళ్ళిన నార్మన్ రోజెంథాల్ అను మనోవైద్యుడు, అచ్చటి చలికాలములో తన ఉత్సాహము క్రుంగుటను గమనించి, 1984లో తన సహచరులతో కలిసి ఈ ఋతుసంబంధమైన దిగులును ఒక వ్యాధిగా వర్ణించెను. పగటి వెలుగు తగ్గుట దానికి ముఖ్యకారణము. టొరంటోలో డిసెంబరు మాసమున పగలు ఇంచుమించుగా 9 గంటలే యుండును. మన పిల్లలు ఎందఱో నేడు అట్టి ఊళ్ళలో చదువుకొనుచున్నారు. ఫోనులో "అన్నం తిన్నావా?" అని అడుగుదుము, మంచిదే. "ఈవేళ పగలు బయటికి వెళ్ళావా? నిద్ర పడుతోందా?" అనియు అడుగుడు. మాటలు పొట్టివగుట, పగలెల్ల నిద్రించుట, దేనియందును ఇష్టము లేకుండుట రెండు వారములు సాగినచో, అది సోమరితనము కాదు, వైద్యము కలదని వారికి చెప్పుడు.

మన యూరిలో అతిచిన్న పగలు కూడ 11 గంటలకు పైగా నుండును. వేసవిలోని పెద్ద పగటికిని దానికిని భేదము రెండు గంటలే. కావున మన వృద్ధుల చలికాలపు దిగులునకు వెలుగు తక్కువగుట ముఖ్యకారణమని నేననుకొనను. కీళ్ళు పట్టివేయును; రాత్రి పొడవగును; ఏడు గంటలకే వీధులు నిర్మానుష్యమగును. సంక్రాంతికి పిల్లలు వత్తురు, నాలుగు దినములు ఇల్లు కలకలలాడును. కనుమ వెళ్ళిన మఱునాడు బస్సు కదలును. నా వద్దకు నిద్ర పట్టలేదనియు, ఆకలి లేదనియు వచ్చు పెద్దలు ముక్కనుమ తరువాతి పక్షములో హెచ్చుగా వత్తురు. వారికి నేను మొదట రక్తపరీక్ష వ్రాయను. "ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడుగుదును. కొందఱికి ఆ ప్రశ్నకే కన్నీరు వచ్చును. శివరాత్రికి చలి శివశివాయని పోవునందురు. ఈ దిగులు అట్లు తనంతట పోవునని నమ్మరాదు. బ్రదుకు మీద విసుగు మాటలు వినబడినచో తేలికగా తీసికొనక వైద్యునివద్దకు తోడుపోవలెను. 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడి సలహా చెప్పు టెలీ మానస్ అను సేవను భారతప్రభుత్వము 2022లో నెలకొల్పినది. ఆ సంఖ్యను గ్రంథాలయపు నోటీసుపలకమీద వ్రాయించుడని కార్యదర్శిగారిని కోరుచున్నాను.

కార్యదర్శిగారికి నా మనవి మఱియొకటి కూడ కలదు. 2022-23 చలికాలమున ఇంగ్లండులో ఇంధనపు ధరలు పెరిగి వృద్ధులు ఇండ్లను వెచ్చగా నుంచుకొనలేకపోయినప్పుడు, అచ్చటి గ్రంథాలయములు అనేకము వారిని ఆహ్వానించి, వెచ్చగా కూర్చుండుటకు చోటిచ్చినవి. మనకు ఇంధనపు ఖర్చు కూడ లేదు. ఈ భవనపు తూర్పు వసారాలో ఎనిమిది గంటలకు మంచి ఎండ పడును. వార్తాపత్రికలు మాత్రము లోపల చీకటిగదిలో బల్లమీద నుండును. ఆ బల్లను ఫాల్గుణము వఱకు వసారాలోనికి మార్చినచో చాలును. చూపు చాలనివారికి పడుచువారెవరైనను గట్టిగా చదివి వినిపింపవచ్చును. ప్రతిదినము వచ్చువారెవరో గ్రంథపాలకునికి తెలియును. రెండు దినములు వరుసగా రానివారి ఇంటికి ఒక బాలుని పంపి, ఏల రాలేదో కనుగొని రమ్మనుడు. నేను చూచిన ఆ పెద్దమ్మ రెండు దినములు మాటలాడలేదు. ఆ రెండు దినములలో ఆ వసారామీదుగా ఎందఱు నడచియుందురో!

పొద్దు గ్రుంకినది, మంచు దిగుచున్నది. ముందు వరుసలోని పెద్దలను ఇండ్లకు చేర్చుటకు ఎవరెవరు తోడు వెళ్ళుదురో ఇప్పుడే నిర్ణయించుకొనుడు. నాకు సెలవు.